తూటా ఎవరి చేతిలో ఉంది? జింకల వేట తుపాకీ, కాలిబర్, అమెరికా ఆదివాసీల చరిత్ర

 

పోయిన వారం గ్రూపులో ఒక తమ్ముడు ప్రశ్న పెట్టాడు. "అన్నా, కౌబాయ్ సినిమాల్లో గుర్రం మీద కూర్చుని, చేతి కింద ఉన్న లీవర్ టకటకా ఆడిస్తూ కాలుస్తారే, ఆ తుపాకీతో అమెరికాలో ఇప్పటికీ జింకల్ని వేటాడతారంట. దాంట్లో ఏ కాలిబర్ మంచిది?" అని. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఒకరిద్దరు "మనకెందుకురా ఈ గోల" అన్నారు. మేము మాత్రం నలుగురం కూర్చుని దీని గురించి చదివాం. చదివే కొద్దీ అర్థమైంది ఏంటంటే, ఇది తుపాకుల షాపులో తేలిపోయే చిన్న ప్రశ్న కాదు. ఈ ప్రశ్న వెనక మనలాంటి జనాల చరిత్ర ఉంది. అందుకే ఇంత పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. ఇది వేటకు పిలుపు కాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని కొట్టినా, కణుజును కొట్టినా నేరమే. ఆ సంగతి చివర్లో మళ్లీ మాట్లాడుకుందాం.

కాలిబర్ అంటే ఏంటి?

"త్రీ నాట్ త్రీ" అనే మాట మన ఏజెన్సీలో విననివాళ్లు లేరు. పోలీసుల చేతిలో చూసిన తుపాకీ అది. దాన్ని .303 అని రాస్తారు. అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే 303 భాగాలు. అదే కాలిబర్. సన్న గొట్టమా, లావు గొట్టమా అని చెప్పే లెక్క.

అమెరికాలో పాత తూటాల పేర్లకు రెండు అంకెలు ఉంటాయి. .44-40 అంటే గుండు వెడల్పు సుమారు 0.44 అంగుళం, లోపల వేసే నల్లమందు 40 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే చాలా చిన్న తూకం, 15 గ్రెయిన్లు కలిస్తే దాదాపు ఒక గ్రాము. .45-70 అన్నా ఇదే లెక్క. పేరు చదివితే గుండు ఎంత లావు, మందు ఎంత అన్నది తెలిసిపోతుంది.

మన ఊళ్లలో తాతలు నాటు తుపాకీ గురించి చెప్పేటప్పుడు కాలిబర్ మాట రాదు. ఎందుకంటే దాంట్లో మందు విడిగా, గుళ్లు విడిగా గొట్టం మూతి నుంచి కూరుతారు. సీసం దొరికితే గుండు ఇంట్లోనే పోసుకుంటారు. గొట్టాన్ని బట్టి గుండు. కాలిబర్ బాధ మొదలైంది ఇత్తడి తూటా వచ్చాకే. మందు, గుండు, నిప్పు పుట్టించే రసాయనం అన్నీ ఒకే ఇత్తడి డొప్పలో బిగించి ఫ్యాక్టరీలో చేస్తారు. ఆ డొప్ప ఏ తుపాకీకి చేశారో దాంట్లోనే పడుతుంది. ఇంకో దాంట్లో పెడితే పట్టదు, పట్టినా ప్రమాదం. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతా కథ అంతా దీని మీదే నడుస్తుంది.

వరసగా 15 గుళ్లు

1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ అనే పనివాడు లీవర్ తుపాకీకి పేటెంట్ తీసుకున్నాడు. అదే హెన్రీ రైఫిల్. గొట్టం కింద ఇంకో సన్న గొట్టం ఉంటుంది. దాంట్లో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుంటాయి. లీవర్ కిందికి లాగి పైకి నెడితే ఖాళీ డొప్ప బయటికి ఎగురుతుంది, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. ఒకసారి నింపితే 15 సార్లకు పైగా కాల్చొచ్చు. అప్పటి మామూలు తుపాకీ ఒక్కసారి కాల్చి మళ్లీ కూర్చోవాల్సిందే. 1866లో దీన్నే మెరుగుపరిచి వించెస్టర్ కంపెనీ ఇత్తడి రంగు చట్రంతో అమ్మింది.

రెండింట్లోనూ తూటా ఒకటే, .44 హెన్రీ. గుండు బరువే 13, 14 గ్రాములు కానీ మందు తక్కువ. దగ్గరలో గట్టిగా తగులుతుంది, దూరం పోతే కిందికి వాలిపోతుంది.

1876 జూన్ 25న మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర లకోటా, షెయెన్, అరాపహో వీరులు కస్టర్ అనే సైనికాధికారి దళాన్ని ఓడించారు. సైనికుల చేతుల్లో ఉన్నవి ఒక్కో గుండు పేల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులు. ఎక్కువ దూరం పోతాయి కానీ నిదానం. ఆదివాసీల్లో చాలామంది దగ్గర విల్లంబులు, పాత తుపాకులు ఉండగా, కొంతమంది దగ్గర హెన్రీ, వించెస్టర్ లీవర్ తుపాకులు ఉన్నాయి. 1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడి నేల బయటపడింది. 1984లో పురావస్తు పరిశోధకులు లోహం వెదికే యంత్రాలతో తవ్వితే రకరకాల కాలిబర్ల డొప్పలు దొరికాయి. వాటిలో ఈ .44 డొప్పలు కూడా ఉన్నాయి. ఎవరు ఎక్కడి నుంచి కాల్చారో ఆ డొప్పలే చెప్పాయి. చదువు రాని ఇత్తడి ముక్కలు సాక్ష్యం చెప్పాయన్నమాట.

బ్రహ్మాస్త్రం తుపాకీ కాదు, తూటా

ఆ ఓటమి తర్వాత అమెరికా పార్లమెంటు ఏం చేసిందో చూడండి. 1876 ఆగస్టు 5న ఒక తీర్మానం చేసింది. యుద్ధం చేస్తున్న ఆదివాసీలకు ప్రత్యేక లోహపు తూటాలు అందకుండా ఆపాలి అని. తీర్మానంలో గురి పెట్టింది తూటా మీద. ఎందుకంటే తుపాకీ ఒకసారి చేతికొస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. తూటా అయిపోతుంది.

ఇక్కడే కాలిబర్ ఎంపిక ప్రాణం మీదికొచ్చింది. .44 హెన్రీ తూటాకు నిప్పు రసాయనం డొప్ప అంచు చుట్టూ ఉంటుంది. ఒకసారి పేలితే ఆ డొప్ప ఇక పనికిరాదు, మళ్లీ నింపలేం. 1873లో వచ్చిన వించెస్టర్ తుపాకీ .44-40 తూటా అలా కాదు. దాని అడుగున మధ్యలో చిన్న టోపీ ఉంటుంది. పేలిన టోపీ తీసి కొత్తది పెట్టి, మందు పోసి, గుండు బిగిస్తే డొప్ప మళ్లీ పనిచేస్తుంది. ఆదివాసీలు ఏరుకున్న డొప్పల్లో పాత తుపాకుల టోపీలు అమర్చి మళ్లీ నింపుకున్నారు. ఏ కాలిబర్ మంచిది అని వాళ్లను అడిగితే, "మళ్లీ నింపుకోగలిగేది" అనేవాళ్లేమో అని మాకు అనిపించింది.

అయినా ఎన్నిసార్లు నింపుతారు? మందు, టోపీలు, సీసం అన్నీ వర్తకుడి కొట్టు నుంచే రావాలి. అడవిదున్నల మందలు పోయాయి, ఆకలి మొదలైంది. 1881 జూలైలో సిట్టింగ్ బుల్ తన జనంతో కెనడా నుంచి తిరిగొచ్చి ఫోర్ట్ బుఫోర్డ్‌లో లొంగిపోయాడు. తన వించెస్టర్ తుపాకీని చిన్న కొడుకు చేత అధికారికి ఇప్పించాడు. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా జనాల తుపాకులు పట్టుకుంటున్నప్పుడే కాల్పులు మొదలయ్యాయి. ఆడవాళ్లు, పిల్లలతో సహా 250 మందికి పైగా చనిపోయారు.

మన దగ్గరి కథ కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, మన మన్యం వీరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు తీసుకున్నారు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే. కానీ "తూటాలు కూడా" అన్న మాట మీద మనం ఎప్పుడూ ఆగలేదు. విల్లు విరిగితే అడవిలో వెదురు ఉంది. పోలీసు తుపాకీకి తూటా కావాలంటే మళ్లీ పోలీసు స్టేషనే దిక్కు.

తమ్ముడి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. 1894లో జాన్ మోజెస్ బ్రౌనింగ్ అనే గొప్ప తుపాకుల నిపుణుడు గీసిన నమూనాతో వించెస్టర్ 1894 మోడల్ వచ్చింది. 1895లో దానికి కొత్త తూటా వచ్చింది, .30-30. అప్పటిదాకా నల్లమందు కాబట్టి బలం కావాలంటే లావు గుండు, ఎక్కువ మందు తప్ప దారి లేదు. పొగ రాని కొత్త మందుతో లెక్క మారిపోయింది. గుండు సన్నబడింది, వేగం పెరిగింది. .44-40 గుండు సెకనుకు 400 మీటర్ల లోపే పోతుంది. మొదటి .30-30 గుండు దాదాపు 600 మీటర్లు పోయింది. ఇప్పటి తూటాల్లో 11 గ్రాముల గుండు 670 మీటర్ల వేగం అందుకుంటుంది. ఆ తుపాకీలు 70 లక్షలకు పైగా తయారయ్యాయి. అమెరికాలో జింకల వేట తుపాకీ అంటే చాలామందికి ఇదే.

మేము చదివిన దాన్ని బట్టి వేటగాళ్లు కాలిబర్‌ను మూడు ప్రశ్నలతో తేలుస్తారు.

ఒకటి, ఏ జంతువు, ఎంత దూరం? అక్కడి తెల్లతోక జింక మన కణుజు కంటే చాలా చిన్నది. దట్టమైన అడవిలో అది కనబడేదే వంద గజాల లోపు. ఆ దూరానికి .30-30 చక్కగా సరిపోతుంది. వంద గజాలకు గురి సరిచేసిన తుపాకీతో రెండొందల గజాల్లో కాలిస్తే గుండు ఏడెనిమిది అంగుళాలు కిందికి పోతుంది. అంటే గుండె తగలాల్సింది కాలికి తగులుతుంది. గాయపడ్డ జంతువు పారిపోయి ఎక్కడో పొదలో చస్తుంది. మంచి వేటగాడు అందుకే దూరం చూసి వదిలేస్తాడు. పొదలెక్కువ ఉన్నచోట 1906లో వచ్చిన .35 రెమింగ్టన్ వాడేవాళ్లున్నారు, 13 గ్రాముల బరువు గుండు. ఎలుగు కూడా తిరిగే చోట .45-70 వాడతారు. అది 26 గ్రాముల గుండు, భుజం మీద తన్నుడు కూడా అలాగే ఉంటుంది. జింకకు అంత అక్కర్లేదు.

రెండు, తుపాకీ నిర్మాణం దేన్ని ఒప్పుకుంటుంది? తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయని చెప్పాం కదా. వెనక తూటా మొన, ముందు తూటా అడుగున ఉన్న టోపీకి ఆనుకుని ఉంటుంది. మొన సూదిగా ఉంటే కాల్చినప్పుడు వచ్చే కుదుపుకు టోపీ పేలే ప్రమాదం ఉంది. అందుకే లీవర్ తుపాకీ గుళ్ల మొన బల్లపరుపుగా ఉంటుంది. బల్లపరుపు మొన గాలిని చీల్చలేక వేగం తొందరగా పోగొట్టుకుంటుంది. దూరం తగ్గడానికి అసలు కారణం ఇదే. 1899 శావేజ్ తుపాకీలో తూటాలు గుండ్రంగా తిరిగే అరలో ఉంటాయి కాబట్టి సూది మొన పెట్టొచ్చు. 1920లో దానికి వచ్చిన .300 శావేజ్ 800 మీటర్ల వేగంతో పోతుంది. ఈ మధ్య మెత్తటి ప్లాస్టిక్ మొన ఉన్న గుళ్లు కూడా వచ్చాయి. అవి మామూలు గొట్టంలో కూడా ప్రమాదం లేకుండా పడతాయి.

మూడు, తూటా ఎక్కడ దొరుకుతుంది? పేరు మోసిన కాలిబర్ అయినా ఊరి కొట్టులో దొరక్కపోతే ఆ తుపాకీ గోడకు వేలాడుతుంది. .30-30 వందేళ్లు దాటినా బతికి ఉండటానికి సగం కారణం, ఏ మూల ఊళ్లో అడిగినా దొరకడం. ఇక రాష్ట్రం చట్టం కూడా చూడాలి. ఒహాయో లాంటి చదును పొలాల రాష్ట్రాల్లో గుండు మరీ దూరం పోకూడదని, జింకల వేటకు డొప్ప నిటారుగా ఉండే కాలిబర్లనే ఒప్పుకుంటారు. .30-30 డొప్ప మెడ దగ్గర సన్నబడుతుంది కాబట్టి ఆ నిబంధన కిందికి రాదు. ఆ లోటు తీర్చడానికే 2023లో రెమింగ్టన్ .360 బక్‌హామర్ తెచ్చింది. సీసపు గుండు ముక్కలు మాంసంలో, వదిలేసిన పేగుల్లో మిగిలిపోతాయి. వాటిని తిని గద్దలు చస్తున్నాయి. అందుకని రాగి గుళ్ల వైపు మళ్లుతున్నవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి తమ్ముడూ, అడవిలో, వంద గజాల లోపు, ఒకే తుపాకీ అంటే జవాబు .30-30. ఇంతవరకే అయితే పోస్టు ఇక్కడ ఆపేసేవాళ్లం.

అదే 1895లో

.30-30 మార్కెట్లోకి వచ్చిన అదే 1895లో, వయోమింగ్ రాష్ట్రంలో ఇంకో సంగతి జరిగింది. బానక్ తెగకు చెందిన రేస్ హార్స్ అనే వేటగాడు ఏడు ఎల్క్‌లను కొట్టాడు. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద దుప్పి జాతి. 1868లో అమెరికా ప్రభుత్వం ఆయన తెగతో ఒప్పందం చేసుకుంది. భూమి వదులుకున్నందుకు బదులుగా, ఎవరూ ఆక్రమించని ప్రభుత్వ భూముల్లో వేట హక్కు మీకే ఉంటుంది అని. కానీ వయోమింగ్ 1890లో రాష్ట్రం అయింది, రాష్ట్రం సొంతంగా వేట చట్టం పెట్టుకుంది. ఆయన్ని పట్టుకున్నారు. 1896లో సుప్రీంకోర్టు ఏమందంటే, రాష్ట్రం ఏర్పడటంతో ఆ ఒప్పందపు హక్కు పోయింది అని.

ఆలోచించండి. జింకను కొట్టడానికి అంతకు ముందెన్నడూ లేనంత మంచి తూటా వచ్చిన ఏడాదే, తరతరాలుగా వేటాడిన మనిషి నేరస్థుడయ్యాడు. కోర్టులో వాదన తుపాకీ మీద జరగలేదు. కాగితం మీద జరిగింది.

ఆ కాగితాన్ని అక్కడి ఆదివాసీలు పారేయలేదు. ఒజిబ్వే జనం 1837, 1842 ఒప్పందాల్లో భూమి వదులుకుంటూ వేట, చేపలు, అడవి వడ్లు ఏరుకునే హక్కు తమకే అట్టిపెట్టుకున్నారు. 1974లో విస్కాన్సిన్‌లో ఆ తెగకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రిజర్వేషన్ హద్దు దాటి చేపలు పట్టారని కేసు పెట్టారు. తొమ్మిదేళ్లు కొట్లాడితే 1983లో ఫెడరల్ అప్పీల్ కోర్టు హక్కు ఇంకా బతికే ఉందని చెప్పింది. ఆ తర్వాత చేపల రేవుల దగ్గర తెల్లవాళ్లు గుంపులుగా వచ్చి బూతులు తిట్టారు, రాళ్లు వేశారు. వీళ్లు వెనక్కి తగ్గలేదు. 1984లో తెగలన్నీ కలిసి సొంత చేపల, వన్యప్రాణుల కమిషన్ పెట్టుకున్నాయి. సొంత శాస్త్రవేత్తలు, సొంత కాపలాదారులు. హద్దు బయట జింకల వేటకు తెగలే నియమాలు రాసుకుంటాయి. హక్కు దొరికింది కదా అని ఇష్టమొచ్చినట్టు కొట్టడం లేదు. 1999లో సుప్రీంకోర్టు కూడా 1837 హక్కును 5-4 తేడాతో నిలబెట్టింది. 2019లో క్రో తెగ వేటగాడి కేసులో, రాష్ట్రం ఏర్పడినంత మాత్రాన ఒప్పందం చావదు అని మళ్లీ 5-4తో తీర్పు చెప్పింది. రేస్ హార్స్ ఓడిపోయిన 123 ఏళ్ల తర్వాత.

మన సంగతి

మనకు అలాంటి ఒప్పందాలు లేవు. మనకు వచ్చినవి చట్టాలు. 1878 ఆయుధాల చట్టం తుపాకీకి లైసెన్సు పెట్టింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు, అడవికి అడ్డం పడింది. దొరలు, నవాబులు షికారు ఆడి పులి చర్మం మీద కాలు పెట్టి ఫొటోలు దిగారు. ఆ ఫొటోల్లో అడవి తోలిన మనోళ్లకు చోటు లేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులను ఒప్పుకుంది. కానీ అదే సెక్షన్ 3(1)లో, సంప్రదాయ హక్కులన్నీ చెబుతూ, వేటను మాత్రం మినహాయిస్తున్నాం అని స్పష్టంగా రాశారు. మనలో ఎంతమంది ఆ ఒక్క లైను చదివాం?

మేము ఆ లైను తీసేయాలని అనడం లేదు. మన అడవుల్లో దుప్పులు మిగలాలంటే కొట్టకుండా ఉండటమే ఇవాళ్టికి న్యాయం అని మాలోనే కొందరి అభిప్రాయం. పండగ వేట మన సంస్కృతి కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన మనలో మనం చేసుకుందాం. మేం అడిగేది వేరే. అదే సెక్షన్‌లో సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు మన గ్రామసభలకు ఉందని కూడా రాసి ఉంది. ఒజిబ్వే జనం సొంత కాపలాదారులను పెట్టుకున్నట్టు, మన అడవిలో ఏ జంతువు ఎంత ఉందో మనమే లెక్కపెట్టే రోజు రావాలంటే ఆ లైను మన చేతిలో ఉండాలి. మీ ఊరు సామూహిక హక్కుకు దరఖాస్తు పెట్టిందా? పెడితే ఆ ఫైలు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉంది?

.44 హెన్రీ తూటా వర్తకుడి చేతిలో ఉంది, అందుకే ఆకలితో దాన్ని నమ్ముకున్నవాళ్లు ఓడిపోయారు. ఒప్పందపు కాగితం తమ చేతిలో ఉంది, అందుకే 123 ఏళ్ల తర్వాతైనా గెలిచారు. తమ్ముడు అడిగిన కాలిబర్ ప్రశ్న మాకు నేర్పింది ఇదే.

ఒక పని చేయండి. ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు తాతను కూర్చోబెట్టి నాటు తుపాకీ గురించి, విల్లు గురించి అడగండి. మందు ఎవరిస్తే వచ్చేది, సీసం ఎక్కడ కొనేవాళ్లు, లైసెన్సు ఎవరి పేరు మీద ఉండేది, ఏ నెలలో ఏ జంతువును కొట్టకూడదు అనేవాళ్లు, అన్నీ రాసుకోండి. తర్వాత పంచాయతీకి వెళ్లి హక్కుల ఫైలు అడగండి. రెండూ తెచ్చి ఇక్కడ పోస్టు చేయండి. తప్పులుంటే చెప్పండి, సరిచేసుకుంటాం.

జోహార్.